మధ్యాహ్నం ఆటలో దూకాల్సిందెవరు?

"నాకు అరవై ఒకటి నిండాయి. దానికీ నా భుజం ఎముక విరగడానికీ ఏ సంబంధమూ లేదు. ముందు ఆ ముక్క బుర్రకెక్కించుకో, తర్వాత మిగతావి అడుగు" అంది మంచం మీది మనిషి.

డిటెక్టివ్ ఆసుపత్రి కుర్చీని దగ్గరికి లాక్కుని కూర్చుంది. మంచం మీది మనిషి ఎడమ చెయ్యి కదలకుండా ఛాతీకి బిగించి కట్టేశారు. చెంప ఒకవైపంతా గీరుకుపోయింది. కుడి చెయ్యి మాత్రం మాటమాటకీ గాల్లోకి లేస్తోంది.

"సరే పెద్దమ్మా. నిన్న మధ్యాహ్నం ఆటలో..."

"పెద్దమ్మా అన్నావంటే పళ్ళు రాలగొడతాను. నాటకాల వాళ్ళంతా నన్ను పిడుగు అంటారు. నువ్వూ అలాగే అను."

"సరే, పిడుగు గారూ."

"గారు అక్కర్లేదు." ఒక్క క్షణం ఆలోచించింది. "పోనీలే, ఉండనీ. వినడానికి బానే ఉంది."

పిడుగుది నాటకంలో ముసుగు మనిషి వేషం. ఆఖరి అంకంలో సైనికులు తరుముకొస్తే ముసుగు మనిషి కోట బురుజెక్కి, లొంగిపోకుండా వెనక్కి దూకేస్తుంది. బురుజు అంటే రెండంతస్తుల ఎత్తున్న చెక్క కట్టడం. దాని వెనక, చూసేవాళ్ళకి కనబడకుండా, ఖాళీ అట్టపెట్టెలు వరసల మీద వరసలుగా పేర్చి, వాటి మీద పలచటి పరుపు వేసి, తెల్లగుడ్డ పరుస్తారు. మనిషి పడగానే పెట్టెలు నలిగి ఆ విసురునంతా మింగేస్తాయి. పడ్డ మనిషి లేచి, దులుపుకుని, దండం పెట్టడానికి ముందుకి వస్తుంది. నిన్న పిడుగు లేవలేదు.

"పెట్టెలు ఎవరు పేర్చారు?"

"నేనే. నేను పడే పక్క ఇంకొకరు వేస్తే నాకు నిద్రపట్టదు. పొద్దున్నే పేర్చాను. మూతలు ఊరికే మడుస్తాను, టేపు వెయ్యను. టేపు వేస్తే లోపలి గాలి బయటికి పోదు, పెట్టె నలగదు."

"గుడ్డ?"

"అది ఫైట్ మాస్టర్ పని. అందర్నీ భోజనానికి పంపేసి, ఆయన ఒక్కడే ఉండి పరుస్తాడు. ఎప్పట్నించో అదే అలవాటు. దూకమని ఈల వేసేదీ ఆయనే."

"పడ్డప్పుడు ఎలా అనిపించింది?"

"పడలేదు, దూకాను. ఆ రెండూ ఒకటి కాదు." పిడుగు గొంతు కాస్త తగ్గింది. "పై వరస నలిగింది. దాని కింది వరస నలగలేదు. బస్తా మీద పడ్డట్టయింది. బంతిలా ఎగిరి పక్కనున్న దూలానికి కొట్టుకున్నాను. పన్నెండేళ్ళప్పుడు అదే హాల్లో బాల్కనీ మీంచి తెర పట్టుకుని జారాను, మా నాన్న బెల్టు విరిగేదాకా కొట్టాడు. మర్నాడు మళ్ళీ జారాను. పెళ్ళయ్యాక మా ఆయన, నేనా స్టేజీనా తేల్చుకోమన్నాడు. మంచివాడు పాపం, జవాబు వినకుండానే వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళలో నా కింద పెట్టె నలక్కపోవడం ఇదే మొదలు. అందుకే నీకు కబురు పెట్టాను."

"పడ్డాక ముందు ఎవరొచ్చారు?"

"మాస్టరే. ముసుగు లాగి, నా మొహం చూసి 'నువ్వా' అన్నాడు. ఆ నొప్పిలోనూ నాకు ఒళ్ళు మండింది. అక్కడ నేను కాక..."

పిడుగు మొహం గోడవైపు తిప్పుకుంది.

"మీరు కాక ఇంకెవరు ఉంటారనుకున్నాడు?" అంది డిటెక్టివ్.

"నొప్పిగా ఉంది. నర్సుని పిలు."

"నొప్పి ఉంటుందమ్మా, ఈ వయసులో" అన్నారు గుమ్మం దగ్గర్నించి ఎవరో.

ఇన్‌స్పెక్టర్. డిటెక్టివ్‌కి సొంత అక్క మొగుడు. పోలీసు ఉద్యోగం వదిలేసి, టైలర్ షాపు మీద గది తీసుకుని బోర్డు కట్టిన మరదల్ని ఆయన ఇంట్లో పేరు పెట్టి పిలుస్తాడు, బయట 'డిటెక్టివ్ గారు' అంటాడు. ఆ గారులో గౌరవం కంటే కారం ఎక్కువ.

"డిటెక్టివ్ గారికి శ్రమ తప్పిద్దామని వచ్చాను. పెట్టెలన్నీ మావాళ్ళు చూశారు, అన్నీ ఖాళీవే. ఆవిడకి దూకేటప్పుడు అడుగు తడబడింది. ఫైలు మూసేస్తున్నాను."

పిడుగు దుప్పటి తన్నేసి కాళ్ళు కిందికి దించింది. "బాబూ, నువ్వు నించున్నావే, అక్కడే నేలమీద పడి చూపించు. తల తగలకూడదు, మోచెయ్యి తగలకూడదు. చాతకాకపోతే చెప్పు, ఈ కట్టుతోనే నేను పడి చూపిస్తా. ఎవరి అడుగు తడబడుతుందో నర్సమ్మ చెబుతుంది."

ఇన్‌స్పెక్టర్ ఒకడుగు వెనక్కి వేశాడు. "అవన్నీ ఇంక ఎందుకమ్మా. మీ శిష్యురాలు ఉందిగా. ఈ సాయంత్రం నుంచి ఆ అమ్మాయే దూకుతుంది. మాస్టర్ చెప్పాడు. మీరు హాయిగా ఇంటిపట్టున ఉండండి."

పిడుగు గాల్లోకి లేపిన చెయ్యి అలాగే ఆగిపోయింది. తర్వాత మెల్లిగా మంచం మీద వాలి, కళ్ళు మూసుకుని, ఇద్దర్నీ బయటికి పొమ్మంది.

వరండాలో ఇన్‌స్పెక్టర్ అన్నాడు: "అక్క రాత్రికి భోజనానికి రమ్మంది."

"కేసయ్యాక వస్తాను."

"మూసేశానన్నానుగా."

"మూసింది మీరు బావగారూ. నేనింకా తలుపు దగ్గరే ఉన్నాను."

*

నాటకశాల వెనక మేకప్ గదిలో శిష్యురాలు చీలమండలకి గుడ్డ చుట్టుకుంటోంది. ఇరవై దాటి ఎంతో కాలేదు. జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుంది. డిటెక్టివ్ కార్డు చూపిస్తే చదవకుండానే తిరిగిచ్చేసింది.

"మీ గురువు అడుగు తడబడిందంటున్నారు."

"అన్నవాళ్ళని వెళ్ళి దూకమనండి."

"గురువు పోలికలు వచ్చాయి నీకు." డిటెక్టివ్ అద్దం పక్కన బల్ల మీద కూర్చుంది. "నిన్న మాస్టర్ ముసుగు తీసి, నువ్వా అన్నాడట. ఇంకొకళ్ళని చూస్తాననుకున్న మనిషే అలా అంటాడు. ఎవర్ని చూస్తాననుకున్నాడు?"

గుడ్డ చుడుతున్న చేతులు ఆగాయి.

"నన్ను" అంది పిల్ల. "నిన్న దూకాల్సింది నేను. ఆఖరి సీనుకి ముందు మెట్ల మీద ముసుగు మార్చుకోవాలి. చూసేవాళ్ళకి తేడా తెలియదు. నేను సరిగ్గా దూకితే అప్పుడు అందరికీ చెబుదామంది ఆవిడ. నాకూ, ఆమెకీ, మాస్టర్‌కీ తప్ప ఇంకెవరికీ తెలియదు."

"మరి?"

"పై మెట్టు దాకా వచ్చి ఆవిడ ముసుగు ఇవ్వలేదు. ఇంకొక్కసారి అంది. ఇదే ఆఖరు, ఒట్టు అంది. కళ్ళనిండా నీళ్ళు. నాకు ఎంత కోపమొచ్చిందో. ఆ మొహం చూశాక పక్కకి తప్పుకోవడం తప్ప ఇంకేం చెయ్యను?" పిల్ల మళ్ళీ గుడ్డ అందుకుని గట్టిగా బిగించింది. "చివరి నిమిషంలో, ఒళ్ళు వేడెక్కించుకోకుండా దూకింది. అందుకే దెబ్బ తగిలింది. నేను పట్టుబట్టి ముసుగు లాక్కుని ఉండాల్సింది."

ఆసుపత్రిలో పిడుగు గోడవైపు ఎందుకు తిరిగిందో డిటెక్టివ్‌కి అర్థమైంది. ఎముక విరిగిందని చెప్పడానికి సిగ్గుపడలేదు. శిష్యురాలి మొదటి అవకాశం లాగేసుకున్నానని చెప్పడానికి నోరు రాలేదు.

"నీకు ఎవరితోనైనా పగ ఉందా?"

"ఉంది. ఎవరితో, ఎందుకు అన్నది ఈ సాయంత్రం ఆట అయ్యాక స్టేజీ మీద నించుని, అందరూ వినేలా చెబుతాను. అంతదాకా మీరడిగినా చెప్పను, పోలీసులడిగినా చెప్పను. వినాల్సిన మనిషికి ఆ మాట ముందే చెప్పేశాను కూడా."

"ఎవరా మనిషి?"

తలుపు తెరుచుకుంది. నెరిసిన జుట్టు, మెడలో ఈల, మెత్తటి గొంతు. ఫైట్ మాస్టర్.

"నీ పక్క సిద్ధం పిల్లా. నువ్వు పేర్చినవి ఒకసారి సర్ది, గుడ్డ కూడా పరిచేశాను." అప్పుడు డిటెక్టివ్‌ని చూశాడు. "ఈవిడెవరు?"

"నిన్న ఆమె ముసుగు తీసి, నువ్వా అని ఎందుకన్నారో కనుక్కుందామని వచ్చినదాన్ని."

మాస్టర్ నవ్వాడు. "ముసలిది పడిపోయి మూలుగుతుంటే ఏమన్నానో ఎవరికి గుర్తుంటుంది? నువ్వా అనే ఉంటాను, అయ్యో అనే ఉంటాను."

"ఆమె పడ్డాక అందరూ ఆసుపత్రికి పరిగెత్తారు. మీరొక్కరే ఉండిపోయారట."

"స్టేజీ సర్దాలిగా. మళ్ళీ ఇవాళ ఆట ఉంది." నవ్వు పోయింది. "గంట కొట్టబోతున్నారు. బయటివాళ్ళు ఇటువైపు ఉండకూడదు. నేను చాలా ఏళ్ళుగా ఇక్కడ మనుషుల్ని కిందకి దూకిస్తున్నానమ్మా, బయటికి పంపడం కూడా వచ్చు."

డిటెక్టివ్‌ని వెనక గుమ్మం దాకా నడిపించి, బయటికి పంపి, లోపల గడియ పెట్టేశాడు.

*

వెనక పెరట్లో గోడవారగా నిన్నటి పెట్టెలు గుట్టగా పడున్నాయి. పైవన్నీ నలిగి అప్పడాల్లా ఉన్నాయి. పోలీసులు అంతవరకే చూసి ఉంటారు. డిటెక్టివ్ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, పైవాటిని ఒక్కొక్కటే లాగి పారేసింది. అడుగుకి చేరేసరికి లోపల ఆట సగం అయిపోయింది. అడుగున ఉన్నవాటి అంచులు కొత్తవాటిలా నిటారుగా ఉన్నాయి. పిడుగు టేపు వెయ్యనంది. వీటి మూతలకి టేపు వేసి, తర్వాత కత్తితో కోసిన గుర్తులున్నాయి. కోసిన టేపు జిగురువైపు ఎర్రటి నూగు అంటుకుని ఉంది.

వేలితో రాసి చూసింది. మఖమల్ నూగు. పెరటి చివర రేకుల షెడ్డులో, పనికిరాని సామాన్ల మధ్య, స్టేజీ పాత తెర ఉంది. ఎర్ర మఖమల్ తెర. పెద్ద పెద్ద ముక్కలుగా కోసేశారు. కొన్ని ముక్కలు నాలుగు పలకలుగా, అచ్చం పెట్టెలో కుక్కి తీసినట్టు ముడతలు పడి ఉన్నాయి. కోసిన తెరలో సగానికి పైగా అక్కడ లేదు.

"మాస్టర్ ఫోన్ చేశాడు. ఎవరో ఆడమనిషి ఆటకి అడ్డం పడుతోందన్నాడు. ఎవరై ఉంటారా అని ఆలోచించే పనే లేకపోయింది నాకు" అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెనక నుంచి.

డిటెక్టివ్ నలగని పెట్టె ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "పిడుగు పేర్చినప్పుడు ఇది ఖాళీ. అందర్నీ భోజనానికి పంపాక ఇందులో ఆ తెర ముక్కలు కుక్కి, టేపు వేసి మధ్యలో పెట్టారు. ఆవిడ పడ్డాక ముక్కలు లాగేసి పెట్టెలు ఇక్కడ పడేశారు. జిగురు చూడండి."

ఆయన చూశాడు. "ఎవరైనా చెయ్యొచ్చు."

"ఆ టైముకి అక్కడున్నది ఒక్కడే."

"ఆ ముసలావిడ మీద మాస్టర్‌కి పగేంటి? కలిసి పనిచేస్తున్నారు ఎప్పట్నించో."

"ఆవిడ మీద కాదు. నిన్న దూకాల్సింది ఆ పిల్ల. ముసుగు తీసేదాకా ఆయనకి మనిషి మారిందని తెలియదు."

"ఆ పిల్ల మీద మాత్రం పగేంటి? నిన్నగాక మొన్న వచ్చింది..." ఇన్‌స్పెక్టర్ ఆగాడు. "జుట్టు కురచగా ఉంటుంది, ఆ అమ్మాయేనా? నిన్న ఆసుపత్రి వరండాలో నన్ను చూసి మొహం తిప్పేసుకుంది. ఎక్కడో చూశాననిపించింది."

"ఎక్కడ?"

ఆయన పెట్టె మెల్లిగా కింద పెట్టాడు.

"బావగారూ, ఎక్కడ?"

"అప్పుడు పొడుగు జడ ఉండేది" అన్నాడు. ఆ గొంతులో ఇప్పుడు కారం లేదు. "రెండేళ్ళ క్రితం ఇదే స్టేజీ మీద రిహార్సల్లో ఒక కుర్రాడు దూకి చనిపోయాడు. మాస్టర్ ఈల వెయ్యకముందే కుర్రాడు తొందరపడ్డాడన్నాడు. నేనొచ్చేసరికి కింద పెట్టెలూ లేవు, పరుపూ లేదు. సర్దేశామన్నారు. దూకినవాడిదే తప్పని రాసి మూసేశాను. ఆ కుర్రాడి చెల్లెలు స్టేషన్‌కి వారం వారం వచ్చేది. మా అన్న ఈల లేకుండా దూకడు సార్ అనేది. అదొక్కటే మాట. కొన్నాళ్ళకి నేను లోపలున్నా లేనని చెప్పించేవాణ్ణి."

డిటెక్టివ్‌కి అనడానికి నోటిదాకా చాలా వచ్చాయి. అక్క మొగుడైనా, ఇన్‌స్పెక్టరైనా, అప్పుడాయన మొహం చూసి అవేవీ అనబుద్ధి కాలేదు. ఫోన్ తీసి ఆసుపత్రికి చేసింది.

నర్సు కంగారుగా ఎత్తింది. "ఆవిడ మంచం మీద లేదండీ. బాత్రూంకని లేచి వెళ్ళింది, చెప్పులు కూడా ఇక్కడే ఉన్నాయి."

లోపల నుంచి డప్పులు వినిపించాయి. ఆఖరి అంకం మొదలైంది.

"ఆ పిల్ల ఈ సాయంత్రం అందరి ముందూ చెబుతానంది. ఆయనకి ఇక గడువు లేదు" అంది డిటెక్టివ్. అప్పటికే పరిగెడుతోంది.

వెనక తలుపు తెరుచుకోలేదు. ఇన్‌స్పెక్టర్ భుజంతో రెండుసార్లు గుద్ది వదిలేశాడు. ఇద్దరూ చుట్టూ తిరిగి ముందు గుమ్మంలోంచి హాల్లోకి జొరబడ్డారు. కుర్చీల మధ్య దారిలో జనం విసుక్కుంటుంటే తోసుకుంటూ వెళ్ళారు. స్టేజీ మీద సైనికులు బురుజుని చుట్టుముట్టారు. ముసుగు మనిషి ఒక్కొక్క మెట్టే ఎక్కి పైకి చేరుకుంది. అంచు మీద నిలబడి వెనక్కి తిరిగింది.

"దూకొద్దు" అని అరిచింది డిటెక్టివ్. డప్పుల మోతలో ఆ కేక ఎవరికీ వినబడలేదు.

అప్పుడు గమనించింది. ముసుగు మనిషి ఎడమ చెయ్యి అంగీ లోపల కదలడం లేదు.

పైనున్న మనిషి కుడిచేత్తో ముసుగు లాగి పారేసింది. డప్పులు ఆగిపోయాయి. చెంప గీరుకుపోయిన పిడుగు, కట్టుతో, చెప్పుల్లేని కాళ్ళతో, బురుజు అంచున నించుని ఉంది.

"మాస్టర్" అంది. ఇన్నేళ్ళుగా ఆ హాలు ఆఖరి వరస దాకా వినిపించిన గొంతు అది. "నా శిష్యురాలి కోసం నువ్వు పక్క సర్దావటగా. పైకి రా. ముందు నువ్వు దూకు."

జనం ఇదీ నాటకంలో భాగమేననుకున్నారు. ఎవరో చప్పట్లు కొట్టారు, హాలంతా అందుకుంది. పక్కతెర వెనక నుంచి మాస్టర్ తెర దించమని చేత్తో సైగ చేస్తున్నాడు. తాడు దగ్గరున్న మనిషి సైగని చూశాడు, పిడుగుని చూశాడు, తాడు వదిలేసి చేతులు కట్టుకున్నాడు. సైనికుల వేషంలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే మాస్టర్ వైపు తిరిగారు.

ఆయన వెలుగులోకి రాక తప్పలేదు.

"నీకు మతి పోయింది. మందు మత్తులో ఉన్నావు" అన్నాడు పైకి చూస్తూ.

"అయితే మరీ మంచిది. మతి పోయినదాన్ని కాబట్టి నేనూ నీ పక్కనే దూకుతా. నువ్వు పేర్చిన పక్కే కదా, భయమెందుకు? రా."

మెట్ల మీంచి శిష్యురాలు పైకొచ్చి గురువు పక్కన నిలబడింది. "మా అన్న దూకిన రోజు కింద ఎన్ని పెట్టెలున్నాయి మాస్టర్? అసలు ఉన్నాయా? మొన్న అడిగితే చెప్పలేదు. ఇప్పుడు చెప్పండి."

చప్పట్లు ఆగిపోయాయి. ఇది నాటకం కాదని ముందు వరసల్లో వాళ్ళకి తెలిసిపోయింది, అక్కణ్ణించి వెనక్కి పాకింది. మాస్టర్ బురుజు మెట్లవైపు ఒకడుగు వేశాడు. తెల్లగుడ్డ పరిచిన పక్కని ఓసారి చూశాడు. వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

"నేను దూకను" అన్నాడు.

"ఎందుకు?" అంది పిల్ల.

"ఆ రోజు పెట్టెలు రాలేదు" అన్నాడు, ఎవరితోనూ కాదు, నేలతో. "పరుపు చాలనుకున్నాను. వాడు వద్దన్నాడు. నేనే దూకమన్నాను. ఈల వేశాను."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చంకలో పెట్టుకుని స్టేజీ ఎక్కాడు. వెళ్ళి మాస్టర్ మోచెయ్యి పట్టుకుని, పైనున్న పిల్ల వైపు తలెత్తాడు.

"అమ్మా, ఆ రోజు ఈల పడిందని నువ్వు చెప్పావు. నేను వినలేదు. రేపు స్టేషన్‌కి రా. ఈసారి లోపలే ఉంటాను. ఫిర్యాదులో ముందు నా పేరే రాయి."

పిల్ల ఆయన్ని చూస్తూ నించుంది.

డిటెక్టివ్ బురుజు వెనక్కి వెళ్ళి తెల్లగుడ్డ, పరుపు లాగేసింది. పై వరస కింద టేపు వేసిన బరువు పెట్టెలున్నాయి. "పిడుగు గారూ, కిందికి దిగండి. ఆసుపత్రికి వెళ్దాం."

"అంకం సగంలో ఉంది. హాలు నిండా జనం ఉన్నారు. నన్ను ఆసుపత్రికి పొమ్మంటావేంటి?" పిడుగు ఒంటిచేత్తో కమ్మీ పట్టుకుని మెట్లు దిగుతూనే కేకలు మొదలుపెట్టింది. "ఒరేయ్ సైనికుల్లారా, ఆ బరువు పెట్టెలన్నీ అవతల పడేయండి. ఖాళీవి తీసుకురండి. నువ్వేం చూస్తున్నావమ్మా డిటెక్టివ్, రెండు చేతులున్నాయిగా, మొయ్యి."

తెర దించలేదు. జనం చూస్తుండగానే, కత్తులు పక్కన పెట్టి సైనికులు, వాళ్ళతోపాటు డిటెక్టివ్, పక్క విప్పి మళ్ళీ పేర్చారు. పిడుగు ప్రతి మూతా విప్పి లోపల చెయ్యి పెట్టి చూసింది. గుడ్డ కూడా తనే పరిచింది, ముడతలు కాలితో సర్ది. తర్వాత కింద పడున్న ముసుగు తీసి, దులిపి, పైకి విసిరింది.

పిల్ల దాన్ని పట్టుకుని, చూసి, కమ్మీకి తగిలించింది.

"నేను మొహంతోనే దూకుతాను" అంది.

పిడుగు డప్పుల వాళ్ళకి చేత్తో సైగ చేసింది. సైనికులు కత్తులందుకుని మళ్ళీ బురుజు చుట్టూ మూగారు. పిల్ల అంచున వెనక్కి తిరిగి నించుంది. ఈల వెయ్యడానికి ఇంక మాస్టర్ లేడు. గుమ్మం దగ్గర ఇన్‌స్పెక్టర్ చేతిలో ఆయన, వెనక్కి తిరిగి, పైకి చూస్తున్నాడు.

పిల్ల ఎవరి ఈల కోసమూ చూడలేదు. చేతులు చాచి వెనక్కి ఒరిగింది.